అసలు ముందు కరగాలి

బాసరలో ఇల్లు కట్టుకునే చిరు వ్యాపారి బ్యాంకులో ముందుగా అడిగేది నెల కిస్తీ ఎంతని. మొత్తం మిత్తి ఎంతో కూడా అడగాలి. 20 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువైతే కిస్తీ సుమారు 17,356 రూపాయలు. మొదటి నెల అందులో 14,167 వడ్డీకే పోతుంది! 15 ఏళ్లకైతే కిస్తీ 2,340 పెరిగినా, మొత్తం మీద 6 లక్షలకు పైగా మిగులుతుంది. అంత మోయలేనివారు ఎక్కువ గడువే పెట్టుకుని, వసంత పంచమి రద్దీలో చేతికొచ్చిన సొమ్మును అసలుకు జమ చేయించుకోవచ్చు. మారే వడ్డీ గృహరుణంపై వ్యక్తులకు ముందస్తు చెల్లింపు రుసుము లేదు. వడ్డీ పెరిగితే కిస్తీ పెంచుకోవాలో, గడువు పెంచుకోవాలో ఎంచుకునే వీలు రుణగ్రహీతకు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. ఈ సంగతి నిర్మల్ జిల్లాలోని ప్రతి బ్యాంకు శాఖలో తెలుగులో రాసి గోడకు అంటించాలి.