పతకం అంచున ఉన్న పేరు

పాత సైనిక దుస్తులూ, పతకాలూ సేకరించేవారు తమది శుద్ధమైన చరిత్ర పరిశోధన అంటారు. గుండీ మీది కిరీటం ఏ రాజు కాలానిదో ఇట్టే చెప్పగలరు. ఆ శ్రమను నేను చులకన చేయను. అది ఎక్కడ ఆగిపోతున్నదన్న దానితోనే నా తగాదా.

1914-18 యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్‌నే తీసుకోండి. ఒకవైపు అయిదవ జార్జి తల. రెండోవైపు శత్రువు డాలును తొక్కుతున్న గుర్రం. తుపాకి పట్టినవాడికి వెండిది. మూటలు మోసి, రోడ్లు వేసిన భారతీయ, చైనా కూలీ దళాల్లో ఎక్కువమందికి అదే బొమ్మ, కంచుది! సామ్రాజ్యం వర్గభేదాన్ని లోహంలోనే పోతపోసింది. (మన విమర్శకులెవరూ ఇంత సూటిగా రాయలేదు.) ఆ యుద్ధానికి మన దేశంలో చేర్చుకున్నవారిలో ఆయుధం పట్టనివారే 5 లక్షలకు పైబడి ఉన్నారు.

1980 ప్రాంతంలో వెండి ధర పెరిగితే ఎన్నో వెండి పతకాలు కరిగిపోయాయి. కంచునెవడు కరిగిస్తాడు? ఇప్పుడది అరుదైనదని సేకర్త ఎక్కువ ధర కడుతున్నాడు. అంచున ముద్రించిన కూలీ పేరు అరిగిపోతే మాత్రం ధర పడిపోతుంది. పేరు కావాలి, మనిషి అక్కర్లేదు! అధికారి పతకమైతే అతని వంశం, ఉత్తరాలు, సమాధి దాకా వెతుకుతారు. కూలీకి దళం పేరు చాలు.

ఇదంతా సామ్రాజ్యపు చెత్త, పారేయండనే మన మిత్రులతోనూ నాకు పేచీయే. రాజుల దానశాసనాలు చదవడం మన తెలుగు శాఖల్లో నేర్పుతూనే ఉన్నాం. ఈ కంచు అంచునూ చదివించవచ్చు.