కాన్‌బెరా ప్రతిపక్షం, పసిఫిక్ భద్రత

2025 మే 3న జరిగిన ఎన్నికల్లో ఆస్ట్రేలియా లిబరల్ పార్టీ చిత్తుగా ఓడింది. నాయకుడు పీటర్ డటన్ సొంత సీటునే నిలబెట్టుకోలేకపోయారు. పది రోజులకు సూసన్ లీ 29–25 ఓట్లతో పగ్గాలు చేపట్టారు. ఆ పార్టీకి ఆమె తొలి మహిళా సారథి. సరిగ్గా ఆరు నెలలకు, నవంబరు 13న, 2050 నాటికి ‘నెట్ జీరో’ అన్న లక్ష్యాన్ని పార్టీ వదిలేసింది. మిత్రపక్షం నేషనల్స్ అంతకు ముందే వదిలేసింది. 2021లో గ్లాస్గో సదస్సుకు ముందు ఆ లక్ష్యాన్ని ప్రకటించింది ఈ కూటమి ప్రభుత్వమే!

అక్కడ ఇది కొత్త కథేమీ కాదు. 2009 డిసెంబరులో ఉద్గారాల వ్యాపార బిల్లుపైనే టోనీ అబాట్ 42–41తో, అంటే ఒక్క ఓటుతో, మాల్కం టర్న్‌బుల్‌ను దించేశారు. అధికారంలోకి వచ్చాక 2014లో కార్బన్ పన్నును రద్దు చేశారు. అందుకే లీ నిర్ణయాన్ని పర్యావరణ విధానంగా కంటే కుర్చీ కాపాడుకునే ఎత్తుగడగా చూడటమే సబబు. విద్యుత్ బిల్లుల గురించి ఆమె అప్పట్లో చెప్పింది అబద్ధం కాదు. సామాన్యుడికి అది నిజమైన బాధే.

నా అభ్యంతరం వేరు. అకాడమీలో మేం గ్వాడల్‌కెనాల్ యుద్ధాన్ని మ్యాపు మీద చదివాం. 1942లో జపాన్ అక్కడ కట్టబోయిన ఒక్క విమానాశ్రయం అమెరికా, ఆస్ట్రేలియాల మధ్య సముద్ర మార్గానికే ముప్పుగా మారింది. ఆ దీవి నేటి సోలమన్ దీవుల్లో ఉంది. 2022 ఏప్రిల్‌లో ఆ దేశం చైనాతో భద్రతా ఒప్పందం చేసుకున్నప్పుడు కాన్‌బెరాకు చెమటలు పట్టింది అందుకే.

ఆ దీవుల దృష్టిలో శత్రువు ఎవరు? చైనా కాదు, అమెరికా కాదు. 2018 బోయె ప్రకటనలో పసిఫిక్ నేతలు తమకు అతిపెద్ద ముప్పు వాతావరణ మార్పేనని రాసుకున్నారు. ఆ ప్రకటనపై ఆస్ట్రేలియా కూడా సంతకం పెట్టింది. అంతకు మూడేళ్ల ముందు, ఇదే డటన్ మంత్రి హోదాలో ఆ దీవుల గుమ్మాల్లోకి వస్తున్న నీళ్ల మీద జోకు వేసి మైకుకు దొరికిపోయారు. ఇలాంటివి అక్కడివారు మరిచిపోరు. ప్రతిపక్షం రేపటి ప్రభుత్వం కావచ్చన్నది వాళ్లకీ తెలుసు. మూడేళ్లకోసారి మారే మాటను నమ్ముకుని ఏ దీవి ప్రధాని తన రేవును ఎవరికి ఇవ్వాలో తేల్చుకుంటాడు? తువాలుతో 2023లో కుదిరిన ఫలెపిలి ఒప్పందం మాత్రం తెలివైన అడుగు. అక్కడివారికి ఆస్ట్రేలియాలో నివాసం, ప్రతిగా ఇతర దేశాలతో తువాలు చేసుకునే భద్రతా ఒప్పందాల్లో కాన్‌బెరాకు మాట. వాతావరణాన్ని, రక్షణను ఒకే కాగితం మీద పెట్టింది అది.

సౌర ఫలకాల కోసం చైనా మీద ఆధారపడటం కూడా ప్రమాదమేనని నెట్ జీరో వ్యతిరేకులు అంటారు. ఆ మాటలో పస ఉంది. దానికి మందు సొంత కర్మాగారాలు పెట్టుకోవడమే కానీ, లక్ష్యాన్నే ఎత్తేయడం కాదు.

మనకేం పట్టిందని అనుకోవద్దు. ఆస్ట్రేలియా క్వాడ్‌లో మన భాగస్వామి. విశాఖ ఉక్కుకు కోకింగ్ కోల్ ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. బొగ్గు మండిస్తూనే 2070 లక్ష్యం పెట్టుకున్న మనం వాళ్లకు నీతులు చెప్పే స్థితిలోనూ లేం. 2023 అక్టోబరు 4న సిక్కింలో దక్షిణ లోనక్ హిమానీ సరస్సు తెగి, చుంగ్‌థాంగ్ ఆనకట్టను ఊడ్చుకుపోయి, తీస్తా ఒడ్డున ఉన్న మన జవాన్లను మింగేసింది. ఆ రోజు తూటా పేలలేదు. మన పార్లమెంటులో వాతావరణ చర్చ ఇప్పటికీ పర్యావరణ శాఖ పద్దుల దగ్గరే ఆగిపోతోంది. దాన్ని రక్షణ శాఖ స్థాయీ సంఘం ముందుకు తేవాలని అడిగే పని మన ప్రతిపక్షం చేయవచ్చు. ఇందులో ఎవరి ఓట్లూ పోవు.