వాయిదా ఎవరికి ఊరట?

నాట్లలో వంగిన ఆడమనిషి ఒక్క నిమిషం నడుం ఎత్తితే చాలు, గట్టు మీంచి ఆసామి కేక వినపడుతుంది. అదే ఆసామి మీద అట్రాసిటీ కేసు పడితే మాత్రం కోర్టు ఆయనకి ఏళ్ల తరబడి తీరిక ఇస్తుంది. దాని పేరు వాయిదా. ఈ దేశంలో ఊరటకి కూడా కులం ఉంది.

చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. ప్రత్యేక కోర్టు ఊళ్లోనే పెట్టాలని మనవాళ్లు కొట్లాడి సాధించుకున్నారు. తీర్పు వచ్చేసరికి 2007 జూలై 31. పదహారేళ్లు! 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేశారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. పదహారేళ్లు కాసుక్కూర్చుంటే దొరికిన ఊరట ఏడేళ్లయినా నిలవలేదు.

వాయిదా పడిన ప్రతిసారీ సాక్షికి ఒకరోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ పోతుంది. ముద్దాయి తరఫున వకీలు ఉంటాడు. ఈలోగా రాజీకి రమ్మని కబుర్లొస్తాయి. కబురు పెట్టేది రేపు కూలికి పిలవాల్సిన ఆసామే. సాక్షి ఎందుకు జంకుతాడో వేరే చెప్పాలా?

పరిహారం ఇచ్చాంగదా అంటారు అధికారులు. తీసుకుందాం, అది మన హక్కు. దాంతో కేసు తీరిపోయిందనుకుంటే మాత్రం మోసపోతాం.

1989 చట్టాన్ని 2015లో సవరించారు. ఛార్జిషీటు పడ్డాక వీలైనంతవరకు రెండు నెలల్లో విచారణ ముగియాలి. సాక్షుల విచారణ రోజూ సాగాలి. మర్నాడు దాటి వాయిదా వేస్తే జడ్జి కారణం రాసిపెట్టాలి. సాక్షులకి దారి ఖర్చులు, బత్తెం ఇవ్వాలి. ముద్దాయికి బెయిలిచ్చే ముందు బాధితుల మాట వినాలి. ఇవి దయతో ఇచ్చేవి కావు. అడక్కపోతే ఎవరూ ఇవ్వరు.

అందుకే కార్యకర్తలకి మేం చెప్పేది ఒకటే. కేసున్న ప్రతి వాడలో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ తేదీన వాయిదా పడింది, ఏం కారణం చెప్పారు, బత్తెం ఇచ్చారా లేదా, అన్నీ రాయించండి. చదువుకున్న పిల్లలకి ఆ పని అప్పగించండి. ఏ సాక్షినీ ఒంటరిగా కోర్టుకి పంపకండి, పదిమంది వెంట నడవండి. ఆరోజు అతని కూలి వాడంతా పంచుకోండి.

మన జనం అలిసిపోయారు, నిజమే. అలిసిపోయేదాకా తిప్పడమే వాళ్ల ఎత్తుగడ. వంతులేసుకుని నడుద్దాం. కేసు మాత్రం వదలొద్దు.