దొర మంచివాడైతే చాలా?

అమెరికన్ బొమ్మల కథల పుస్తకాలు చదివేవాళ్ళ మధ్య ఒక వాదన ఏళ్ళ తరబడి నడుస్తోంది. డాక్టర్ డూమ్ అనే ప్రతినాయకుడు లాట్వేరియా అనే చిన్న దేశానికి రాజు. ప్రపంచాన్ని జయించాలని చూసే దుర్మార్గుడే కానీ, అతని దేశంలో ఆకలి లేదు, దొంగతనాలు లేవు, జనం కడుపు నిండా తింటున్నారు, అలాంటప్పుడు అతను మంచి పాలకుడే కదా అన్నది ఆ వాదన. చదువుకున్నవాళ్ళు, ప్రజాస్వామ్యం మీద గౌరవం ఉన్నవాళ్ళు కూడా ఈ మాట సరదాగా అంటూంటారు. పిల్లల పుస్తకాల గురించి హక్కుల పత్రికలో రాయడమేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. నాకు మాత్రం ఇందులో సరదా ఏమీ కనిపించదు. ఆడవాళ్ళు హక్కు అనే మాట ఎత్తిన ప్రతిసారీ ఇంట్లోనూ, కులపెద్దల ముందూ విన్న వాదనే ఇది. వేషం మాత్రం మారింది.

ముందు డూమ్ సంగతి చూద్దాం. స్టాన్ లీ, జాక్ కర్బీ 1962లో 'ఫెంటాస్టిక్ ఫోర్' పుస్తకంలో ఇతన్ని సృష్టించారు. 1964 నాటి ప్రత్యేక సంచికలో అతని పుట్టుపూర్వోత్తరాలు చెప్పారు. లాట్వేరియాలో, లోకం జిప్సీలని పిలిచే రోమా జనం గుడారాల్లో పుట్టాడు. తల్లి మంత్రగత్తె, అతని పసితనంలోనే పోయింది. తండ్రి వైద్యుడు. దేశాన్నేలే ప్రభువు భార్యకు జబ్బు చేస్తే నయం చెయ్యమని తండ్రిని పిలిపిస్తారు. ఆమె బతకదు. ప్రభువు చంపిస్తాడన్న భయంతో కొడుకును తీసుకుని కొండల్లోకి పారిపోయిన ఆ తండ్రి చలికి చనిపోతాడు. నిరంకుశుడి వల్ల తండ్రిని పోగొట్టుకున్న ఈ కుర్రవాడు పెద్దవాడై ఏం చేశాడు? సింహాసనాన్ని తీసెయ్యలేదు. దాని మీద తను కూర్చున్నాడు. రేపు ఇంకో వైద్యుడు ఇంకో రోగిని బతికించలేకపోతే ఎవరి దగ్గరికి పోయి మొరపెట్టుకోవాలి? ఈ ప్రశ్నకు లాట్వేరియాలో అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

డూమ్‌ను వెనకేసుకొచ్చేవాళ్ళు తరచూ చూపించేది 1982లో జాన్ బిర్న్ రాసి బొమ్మలు వేసిన కథ. అంతకుముందు ఫెంటాస్టిక్ ఫోర్ వీరుల తోడ్పాటుతో డూమ్‌ గద్దె దిగి, పాత రాజవంశీకుడు జోర్బా రాజవుతాడు. కానీ జోర్బా చేతుల్లో దేశం నాశనమవుతుంది. మతి చెడిన జోర్బా సొంత ప్రజల మీదికే మరమనుషుల్ని తోలుతాడు. డూమ్ తిరిగివచ్చి రాజ్యం తీసుకుంటాడు. ఈసారి వీరులు అతనికి అడ్డు రారు. ఈ కథ నేర్పేదేమిటి? జనానికి ఉన్నవి రెండే దారులు, పిచ్చి రాజు లేదా కఠినమైన రాజు. మూడో దారి రచయితకు తోచలేదు. ఆ దాడిలో ఒక తల్లి మరమనిషి చేతిలో చనిపోతుంది. ఆమె కొడుకు క్రిస్టాఫ్‌ను డూమ్ తన వారసుడిగా పెంచుకుంటాడు. ప్రజల బాధ అంతా ఆ తల్లి చావుగా మారి, ఆ చావు కూడా చివరికి సింహాసనానికి ఒక మగపిల్లవాణ్ణి సమకూర్చడానికే పనికొచ్చింది.

'ఎంపరర్ డూమ్' అని 1987లో వచ్చిన పుస్తకం ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. పర్పుల్ మాన్ అనే ఊదారంగు మనిషికి ఒక శక్తి ఉంది. అతనేం చెప్తే ఎదుటివాళ్ళు అది చేస్తారు, కాదనే శక్తి వాళ్ళకుండదు. డూమ్ ఈ శక్తిని వాడుకుని ప్రపంచం మొత్తానికి చక్రవర్తి అవుతాడు. యుద్ధాలు ఆగుతాయి, ఆకలి తగ్గుతుంది. అతన్ని దించడం న్యాయమేనా అన్న సందేహాన్ని పాఠకుడికి వదిలిపెడుతుంది కథ. ఇప్పుడు ఇదే పర్పుల్ మాన్‌ను ఇంకోచోట చూడండి. 2001 నుంచి 2004 దాకా బ్రయన్ బెండిస్ రాసిన 'ఏలియస్' కథల్లో జెస్సికా జోన్స్ అనే యువతిని ఇతను ఎనిమిది నెలలు తన అదుపులో పెట్టుకుంటాడు. ఆమె నోటితో తన మాటలే పలికిస్తాడు. దాన్ని చదివిన ఏ పాఠకుడూ ఆమెకు అన్నం పెట్టాడు కదా, నీడ ఇచ్చాడు కదా అనడు. అది హింస అని అందరికీ తెలుసు. మరి ఒక ఆడదాని మీద ప్రయోగిస్తే హింస అయిన శక్తి, మొత్తం ప్రపంచం మీద ప్రయోగిస్తే చర్చించదగ్గ పరిపాలన ఎలా అయింది? సమ్మతి అనేది ఒక మనిషికి అవసరమై, కోట్లమందికి అనవసరమవుతుందా?

స్త్రీల సంఘాల్లో పనిచేసిన ఎవరికైనా ఈ తర్కం కొట్టినపిండే. "ఆయన మంచివాడే, ఏ లోటూ చెయ్యడు, ఇంక నీ పేర ఆస్తి ఎందుకు?" "మీ అన్నదమ్ములు చూసుకోరా, వాటా అడిగి పుట్టింటిని దూరం చేసుకుంటావా?" ఇవి మనం రోజూ వినే మాటలు. మంచివాడైన మొగుడు ఉండడు అని ఎవరూ అనడం లేదు. అతని మంచితనం అతని ఇష్టం. రేపు పొద్దున అది మారితే ఆమె చేతిలో ఏముంటుందన్నది ప్రశ్న. దయ ఇచ్చినవాడి సొత్తు, ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటాడు. హక్కు అలా కాదు. దానికి కాగితం ఉంటుంది, కోర్టు ఉంటుంది, నలుగురి ముందు నిలబడి అడిగే మాట ఉంటుంది. లాట్వేరియా ప్రజలకు డూమ్ పెట్టేది తిండి. ఇవ్వనిది ఈ మాట.

సరే, డూమ్ దుర్మార్గుడు కాబట్టి అలా ఉన్నాడు, మంచి రాజులు లేరా అంటారు. ఉన్నారు. 1966లో అదే లీ, కర్బీలు సృష్టించిన బ్లాక్ పాంథర్, వకాండా రాజు టిచాలా. తెల్లవాళ్ళ వలసగా ఎన్నడూ మారని నల్లవాళ్ళ దేశం అన్న ఊహ ఎంతమందికి ఆత్మగౌరవాన్ని ఇచ్చిందో నాకు తెలుసు, దాన్ని తక్కువ చెయ్యను. 2018లో వచ్చిన 'బ్లాక్ పాంథర్' సినిమా మన ఊళ్ళలోనూ ఆడింది. అందులో రాజుకు కాపలా కాసే స్త్రీ సైన్యం డోరా మిలాజెను చూసి ఇది స్త్రీల రాజ్యమని మురిసినవాళ్ళున్నారు. కానీ ఆ దేశంలో రాజు ఎలా అవుతారు? నీళ్ళలో దిగి కుస్తీ పట్టి. ఒక పూట పోరులో గెలిచిన కిల్‌మాంగర్ రాజై, ఆయుధాలను దేశదేశాలకు పంపమని ఆజ్ఞాపిస్తాడు. సేనాని ఒకోయెకు అది తప్పని తెలుసు. అయినా సింహాసనం మీద ఎవరుంటే వాళ్ళకు విధేయురాలు కాబట్టి నిలబడిపోతుంది. ఆమె ఎదురు తిరిగింది కూడా పాత రాజు బతికున్నాడు, పోటీ ఇంకా ముగియలేదు అన్న నియమం దొరికాకే. ఆ స్త్రీల చేతిలో ఈటె ఉంది, ఓటు లేదు. 1998లో క్రిస్టఫర్ ప్రీస్ట్ ఈ దళాన్ని మొదట కథల్లోకి తెచ్చినప్పుడు వాళ్ళు తెగల మధ్య శాంతి కోసం తెగకొకరుగా రాజుకు అప్పగించిన ఆడపిల్లలు, పేరుకు కాబోయే రాజపత్నులు. కప్పానికి ఇంకో పేరు అది.

రాణి అయితే నయమా? ఆకాశాన్ని, వానను శాసించే స్టార్మ్ 2006లో టిచాలాను పెళ్ళి చేసుకుని రాణి అవుతుంది. 2012 నాటి కథలో ఆమె తన తోటి మ్యూటెంట్ల పక్షాన ఉండగా, అదే పక్షంలో ఉన్న సముద్రరాజు నేమోర్ వకాండాను ముంచేస్తాడు. ఆ తర్వాత పెళ్ళి రద్దయిందని టిచాలా ఆమెకు చెప్తాడు. రద్దు చేసింది ప్రధాన పూజారి. ఆ పూజారి కూడా టిచాలాయే. మొగుడూ అతనే, రాజూ అతనే, తీర్పు చెప్పే మతపెద్దా అతనే. ఉరుముల్ని పిలవగల ఆడది కూడా అప్పీలు చేసుకునే చోటు లేని దేశం అది. ఇంకో రాజు, కాందాక్‌ను ఏలే బ్లాక్ ఆడమ్ ఉన్నాడు. 2006, 2007ల్లో వారం వారం వచ్చిన '52' కథలో ఒక నేరస్థుల ముఠా అతని మంచి కోసం ఏడ్రియానా అనే బానిస యువతిని కానుకగా తెస్తుంది. ఆమె అతనికి భార్య అవుతుంది, అతన్ని కొంత మనిషిని చేస్తుంది, చివరికి చనిపోతుంది. భార్య పోయిన కోపంలో అతను బయాలియా అనే దేశంలోని జనాన్నంతా చంపేస్తాడు. కానుక, భార్య, శవం. కథ ఆమెకిచ్చిన మూడు ఉద్యోగాలు ఇవి. రాజు ప్రేమ ఎంత గొప్పదో చూడమంటారు. ఆ చచ్చినవాళ్ళను ఎవరు అడిగారు?

స్త్రీలే ఏలితే ఈ జబ్బు పోతుందా అంటే, అదీ చూద్దాం. మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మార్స్టన్ 1941లో సృష్టించిన వండర్ వుమన్ మగవాళ్ళు లేని దీవిలో పుట్టింది. రాణి హిపాలిటా ఆమె తల్లి. బయటి ప్రపంచానికి ఎవరు వెళ్ళాలో తేల్చడానికి పోటీ పెడితే, కూతురు పాల్గొనకూడదని తల్లి ఆంక్ష పెడుతుంది. కూతురు ముసుగు వేసుకుని వెళ్ళి గెలుస్తుంది. మగవాడే లేని చోట కూడా ఒక అమ్మాయి తనకు నచ్చిన పని కోసం ముఖం దాచుకోవలసి వచ్చిందంటే, లోపం మగవాళ్ళలో మాత్రమే లేదు, సింహాసనంలో కూడా ఉంది. అమెరికాలో స్త్రీవాదులు నడిపిన 'మిజ్' పత్రిక 1972 జూలై సంచిక ముఖచిత్రంగా ఈ వండర్ వుమన్‌నే వేసి, ఆమెను అధ్యక్షురాలిగా ఎన్నుకోమని రాశారు. ఆమె రాజకుమారి. అయినా ఆ స్త్రీలు ఆమెకు కిరీటం అడగలేదు, ఎన్నిక అడిగారు. ఆ తేడాను మనం గట్టిగా పట్టుకోవాలి. 2001 నాటి ఒక కథలో, తమ స్త్రీల మధ్యే అంతర్యుద్ధం జరిగాక, తల్లీ కూతుళ్ళిద్దరూ రాచరికాన్నే వదులుకుంటారు. ఇలాంటి పేజీలు ఈ కథల్లో చాలా అరుదు.

కల్పిత కథల్లో రాజులుండక మరేముంటారని ఒక సమాధానం వస్తుంది. మనిషి గాలిలో ఎగరడాన్ని, గోడలో నుంచి నడిచిపోవడాన్ని ఊహించగలిగినవాళ్ళకు ఒక పంచాయితీ సమావేశాన్ని ఊహించడం అంత కష్టమా? కష్టం కాదని 2016లో టానెహాసీ కోట్స్ చూపించాడు. అతని వకాండా కథలో అనెకా అనే స్త్రీ సైనికురాలు ఆడవాళ్ళను చెరిచిన ఒక గ్రామ పెద్దను చంపుతుంది. రాజ్యం ఆమెకు మరణశిక్ష వేస్తుంది. ఆ శిక్ష వినిపించేది రాజమాత, అంటే ఇంకో స్త్రీ. అనెకా ప్రియురాలు అయో ఆమెను చెర నుంచి విడిపిస్తుంది. ఇద్దరూ రాజు మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ పెట్టుకోరు. ఒక్కడి చేతిలో ఇంత అధికారం ఉండటమేమిటని తిరుగుబాటు చేస్తారు. చివరికి రాజు అధికారాన్ని ప్రజల ప్రతినిధులతో పంచుకోవడానికి ఒప్పుకోవలసి వస్తుంది. రాజు మనసు కరిగి కాదు, స్త్రీలు లేచి నిలబడ్డందుకు. యాభై ఏళ్ళు పట్టింది వకాండా స్త్రీలకు ఈ ప్రశ్న అడగడానికి.

ఈ పుస్తకాలను పిల్లల చేతిలోంచి లాక్కోమని నేను అనను. చదవనివ్వండి. అయితే నాయకుడెవరు, ప్రతినాయకుడెవరు అని అడిగి ఊరుకోకండి. ఆ దేశంలో రాజును దించే దారి ఉందా? ఒక ఆడది దెబ్బలు తిని వస్తే ఏ గడప తొక్కాలి? ఆ గడప లోపల కూర్చున్నది కూడా రాజేనా? ఈ మూడు ప్రశ్నలు పిల్లలతో అడిగించండి. డూమ్‌కూ టిచాలాకూ ఉన్న దూరం ఎంత తక్కువో వాళ్ళకే తెలుస్తుంది. మంచి నియంత వస్తే బాగుండునని వాళ్ళు పెద్దయ్యాక అనకుండా ఉంటారు. తమ ఇంట్లో భార్య తన పేరు కాగితం మీద ఉండాలని అడిగినప్పుడు, నేను మంచివాణ్ణే కదా అని జవాబు చెప్పకుండా కూడా ఉంటారు.