మంచు, పెంపుడు కుక్క, చిన్న ఇల్లు: డెబ్బై దాటిన వారు వాయిదా వేయరాని నిర్ణయం

1965లో అమెరికా వలస చట్టం మారిన తరువాత, మన వైద్య కళాశాలలలో చదువుకొన్న వారనేకులు ఆ దేశానికి వెళ్లారు. నేను ప్రభుత్వ వైద్యునిగా ఇక్కడే ఉండిపోయినా, నా సహాధ్యాయులు కొందరు మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వంటి శీతల రాష్ట్రాలలో స్థిరపడ్డారు. పిల్లలు పెరిగే రోజులలో నాలుగైదు పడకగదుల ఇళ్లు కొనుక్కొన్నారు. నేడు ఆ పిల్లలు వేరే రాష్ట్రాలలో ఉన్నారు. ఆ ఇళ్లలో మిగిలినది డెబ్బై దాటిన దంపతులు, లేదా ఒంటరిగా ఒకరు, తోడుగా ఒక కుక్క.

ఇటువంటి వారు చిన్న ఇంటికి మారాలా, వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా ధరలు, పన్నులు, వడ్డీల ప్రస్తావనే వినిపిస్తుంది. నా దృష్టిలో ఇది ప్రధానంగా ఆరోగ్య సమస్య. మారవలసినది కాలు జారిపడిన తరువాత కాదు, పడక ముందే. కుక్కను ఎవరికో అప్పగించి కాదు, వెంటబెట్టుకొని.

మంచు ఎత్తడం, గుండె

ఒక లెక్క చూడండి. ఇంటి ముందు కారు దారి పన్నెండు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు ఉన్నదనుకొందాం. దానిపై 20 సెంటీమీటర్ల మంచు కురిస్తే అది 12 ఘనమీటర్లు. అప్పుడే కురిసిన పొడి మంచు ఘనమీటరుకు సుమారు 100 కిలోలు తూగినా, మొత్తం టన్నుకు పైమాటే. తడిమంచయితే దానికి రెండు మూడింతలు. ఈ బరువునంతా పారతో ఎత్తి పక్కకు పోయాలి.

చలిగాలికి చర్మంలోని రక్తనాళాలు సంకోచిస్తాయి, రక్తపోటు పెరుగుతుంది. హృదయధమనులు కూడా బిగుసుకొనవచ్చు. చేతులతో బరువెత్తేటప్పుడు తెలియకుండానే ఊపిరి బిగబడతాము. రక్తపోటు మరింత ఎగబాకుతుంది. గుండెకు ప్రాణవాయువు అవసరం పెరిగిన క్షణంలోనే సరఫరా తగ్గుతుందన్న మాట. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో 1981 నుండి 2014 వరకు శీతకాలపు వివరాలను పరిశీలించి, 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. 20 సెంటీమీటర్ల మంచు కురిసిన మరునాడు, మంచు కురవని రోజులతో పోల్చితే, పురుషులలో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరడం 16 శాతం, గుండెపోటు మరణాలు 34 శాతం అధికంగా కనిపించాయి. స్త్రీలలో ఈ పెరుగుదల కనిపించలేదు. మంచు ఎత్తే పని ఎక్కువగా పురుషులే చేయడం ఇందుకు కారణం కావచ్చునని పరిశోధకులు భావించారు.

మన వారిలో మధుమేహం, హృదయధమనుల వ్యాధి అధికమని వేరే చెప్పనక్కరలేదు. మధుమేహం వలన పాదాలు మొద్దుబారిన వారికి చలి కొరికినా తెలియదు, కాలు జారుతున్నా వెంటనే తెలియదు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారికి తలకు తగిలిన చిన్న దెబ్బ కూడా ప్రమాదకరమే.

కుక్క ఔషధమా, ప్రమాదమా?

రెండూ నిజమే. కుక్కను పెంచేవారు ఎక్కువగా నడుస్తారు. పెంపుడు జంతువులకు, ముఖ్యంగా కుక్కలకు, గుండెజబ్బుల ముప్పు తగ్గడానికి సంబంధం ఉండవచ్చునని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో పేర్కొన్నది. స్వీడన్‌లో 34 లక్షల మందిని పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఒంటరిగా ఉంటూ కుక్కను పెంచుకొనే వారిలో మరణాలు, కుక్క లేని ఒంటరి వారితో పోల్చితే, 33 శాతం తక్కువగా ఉన్నాయి. ఆరోగ్యవంతులే కుక్కను పెంచుకోగలుగుతారు కనుక, ఈ ఘనతనంతా కుక్కకే కట్టబెట్టలేము. అయినా, ఒంటరి వృద్ధునికి వేళకు లేవడానికి, గుమ్మం దాటడానికి అది ఒక కారణం కల్పిస్తుందన్నది కాదనలేని విషయం.

రెండవ వైపు కూడా చూడాలి. కుక్కను తాడు పట్టుకొని నడిపిస్తూ పడి ఎముకలు విరిగిన అరవై అయిదేళ్లు పైబడిన వారి సంఖ్య, అమెరికాలో 2004లో సుమారు 1,671 కాగా, 2017 నాటికి 4,396కు పెరిగింది. వారిలో మూడు వంతులకు పైగా స్త్రీలే. అన్నిటికంటె ఎక్కువగా విరిగినది తుంటి ఎముక. ఈ వయసులో తుంటి విరిగితే, శస్త్రచికిత్స జరిగినా, పూర్వపు నడక అందరికీ తిరిగి రాదు. కంటికి కనిపించని పలుచని మంచుపొరపై ముప్పై కిలోల కుక్క ఉడుతను చూసి ఉరికితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

“కుక్క పోయాక చూద్దాంలేరా”

ఇల్లు మారమని చెప్పినప్పుడు నా సహాధ్యాయి ఒకడు ఇచ్చిన సమాధానమిది. వాడి భార్య పోయి మూడేళ్లయింది. పడకగది మేడ మీద, బట్టలుతికే యంత్రం బేస్‌మెంట్‌లో. కుక్కను సంరక్షణ కేంద్రానికి ఇచ్చేసి తమ దగ్గరకు వచ్చేయమని పిల్లలు పోరుతున్నారు. వాడు ససేమిరా అంటున్నాడు. నా ఉద్దేశంలో ఉభయులదీ తొందరపాటే. ఆ కుక్కకు ఇప్పుడు ఆరేళ్లు. అది పోయేదాకా ఆగితే వాడికి ఎనభై వస్తాయి. అప్పుడు ఇల్లు మార్చేది వాడు కాదు, అంబులెన్సు. ఇక భార్యను పోగొట్టుకొన్న మనిషి నుండి కుక్కను కూడా వేరుచేస్తే మిగిలేది ఏమిటో పిల్లలు ఆలోచించాలి.

మహాప్రస్థానిక పర్వం మనకు తెలియనిది కాదు. ధర్మరాజు ఒంట్లో సత్తువ ఉండగానే రాజ్యాన్ని పరీక్షిత్తుకు అప్పగించి, రాజప్రాసాదాన్ని తనంతట తానే వదిలాడు. మంచుకొండలలో చివరిదాకా వెంట నడిచిన కుక్కను విడిచి స్వర్గానికైనా రానన్నాడు. విడువవలసినది, విడువరానిది ఆయనకు స్పష్టంగా తెలుసు. ఇంటిని వదిలినంత సులువుగా తోడును వదలరాదు.

మారేవారికి కొన్ని సూచనలు

ఒకే అంతస్తు ఉన్న ఇల్లు, లేదా లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంటు చూసుకోండి. మంచు తొలగించే బాధ్యత అక్కడి నిర్వాహకులదై ఉండాలి. స్నానాలగదిలో పట్టుకొనే కమ్మీలు అమర్చుకోండి. అనేక సముదాయాలలో కుక్కల బరువు, జాతి, సంఖ్యలపై పరిమితులుంటాయి. సంతకం చేయక ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇల్లు మారడం వేసవిలోనే పెట్టుకోండి. కొత్త పరిసరాలకు మీరు, మీ కుక్క అలవాటు పడేలోగా మంచు రాకూడదు. శీతకాలంలో కుక్కను నడిపేటప్పుడు తాడును మణికట్టుకు చుట్టుకోవద్దు. బూట్లకు ముళ్ల పట్టీలు తగిలించుకోండి. నేల గడ్డకట్టిన రోజు డబ్బిచ్చి మరొకరి చేత నడిపించండి. రోడ్లపై చల్లే ఉప్పు కుక్క పాదాలను మండిస్తుంది. ఇంటికి రాగానే గోరువెచ్చని నీటితో కడగండి. మీరు ఆసుపత్రిలో చేరవలసివస్తే దానిని ఎవరు చూస్తారో ముందే నిర్ణయించుకోండి.

పిల్లలకు ఒక మనవి. సామాను మీరు సర్దండి. ఏది ఉంచాలో, ఏది పంచాలో మాత్రం వారినే చెప్పనివ్వండి. అమెరికాలోని ఒక వృద్ధాశ్రమంలో లాంగర్, రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు జరిపి, 1976లో ప్రచురించిన ప్రయోగంలో, చిన్న చిన్న విషయాలలో స్వయంగా నిర్ణయించుకొనే అవకాశము, ఒక మొక్కను పెంచే బాధ్యత ఇచ్చిన వృద్ధులు మిగిలినవారికంటె ఉల్లాసంగా, చురుకుగా కనిపించారు. మొక్కకే అంత విలువ ఉంటే, ఎదురుచూసే ప్రాణికి ఎంత ఉండాలి?

ఇల్లు కట్టి చూడమని మన పెద్దలన్నారు. ఖాళీ చేయడం అంతకంటె కష్టమైన పని. దానికి కాళ్లలో బలము, నిర్ణయించగల బుద్ధి రెండూ కావాలి. అవి రెండూ ఉన్న ఈ ఏడాదే ఆ పని మొదలుపెట్టండి.