తాళం వేయని పాట

నృత్యసంగీతాన్ని వెలువరించే చిన్న సంస్థలను లేబుళ్ళంటారు. (తెలుగు చేయబోతే మందుసీసా మీది చీటీ గుర్తుకొస్తుంది, ఆ మాటే ఉండనిద్దాం.) వినైల్ రికార్డుల కాలం నుంచి కంప్యూటరు ఫైళ్ళ కాలానికి ఇవి దాటి రావడం కేవలం సాంకేతికత చలవేననేవారితో నేను ఏకీభవించలేను. కొనేవాణ్ణి దొంగగా చూడకపోవడం అంతకన్నా పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఇంగ్లండులోని షెఫీల్డులో 1989లో ఒక రికార్డుల దుకాణం నుంచి పుట్టిన వార్ప్ సంగతే చూడండి. తొలి రికార్డు 500 ప్రతులు. ఆ పద్ధతిలో ముందే సొమ్ము పెట్టాలి, పంపిణీదారుని గుమ్మం తొక్కాలి, అమ్ముడుపోనివి అటకెక్కించాలి. 2004 జనవరిలో ఆ సంస్థ అంతర్జాలంలో బ్లీప్ అనే సొంత అంగడి తెరిచి, ఏ తాళమూ లేని ఎంపీ3లను అమ్మింది. అప్పటికింకా ఏడాది నిండని ఐట్యూన్స్ అంగడిలో పాటకు తాళముండేది. డబ్బిచ్చి కొన్నవాడు సైతం తనకు నచ్చిన యంత్రంలో వినడానికి వీలులేదు. ఆ తాళం పూర్తిగా ఊడింది 2009లో! బ్లీప్ తోటి లేబుళ్ళ పాటలనూ అమ్మింది. రికార్డుల అమ్మకమూ సాగించింది.

అయితే పోయినదీ లేకపోలేదు. 500 ప్రతులకు సొమ్ము పెట్టవలసినవాడు పాటను పదిసార్లు విని తూచేవాడు. ఫైలుకు ఆ తూకం అక్కరలేకపోయింది. 2004లోనే అమెరికాలోని డెన్వరులో మొదలైన బీట్‌పోర్ట్ వంటి పెద్ద సంతలో, వచ్చిపడే పాటల వెల్లువలో మంచిది మునిగిపోతోంది. ఆ తూచే పని కూడా మానుకుంటే, పాట కట్టినవాడే నేరుగా అమ్ముకోగల ఈ రోజుల్లో లేబులు చేసే పని ఏమిటో నాకు బోధపడదు.