చెయ్యి లేని చేనేత

2015 నుంచి ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటున్నాం. 2020లో ఆ పండగ ఇంకా కొద్ది రోజులుందనగా అఖిల భారత చేనేత బోర్డును కేంద్రం రద్దు చేసింది. బోర్డు పోయినా అంగట్లో చేనేత పేరుకు గిరాకీ పోలేదు. మరమగ్గం మీద దిగిన చీరకూ ఆ పేరే అంటగట్టి అమ్ముతున్నారు. బండారులంక మగ్గాల చప్పుడు ఎరిగిన కోనసీమ ఈ ప్రశ్న అడగక తప్పదు: గుడ్డను చేనేత చేసేది నూలా, అల్లికా, నేసిన చెయ్యా?

తర్కసంగ్రహంతో తర్కం మొదలుపెట్టినవారికి పటం, అంటే గుడ్డ, పాత ఉదాహరణే. ఆ గ్రంథం రాసిన మన తెలుగువాడు అన్నంభట్టు గుడ్డకు మూడు కారణాలు చెప్పాడు. దారాలు సమవాయికారణం, దారాల కూడిక అసమవాయికారణం, నాడె, మగ్గం వగైరా నిమిత్తకారణం. పడుగూ పేకా గుడ్డలోనే ఉండిపోతాయి, మగ్గం మాత్రం బయటే ఆగిపోతుంది. ఒకే నూలుతో, ఒకే అల్లికతో గుంటమగ్గం మీదొకటి, మరమగ్గం మీదొకటి నేస్తే తేడా అంతా ఆ మూడో కారణంలోనే. రెండింటిలోనూ పటత్వం, అంటే గుడ్డతనం, ఒక్కటేననీ, చేనేత అన్నది వస్తువులో సహజంగా ఉండే జాతి కాదు, పాచకత్వంలా (వంటవాడితనంలా) పనిని బట్టి వచ్చిన ఉపాధి మాత్రమేననీ నైయాయికుడు అనవచ్చు. ఒప్పుకుందాం. వంట చేస్తేనే వంటవాడన్న పేరు. చెయ్యి నేస్తేనే చేనేతన్న పేరు. ఆ పని తీసేస్తే పేరుకు నిలువనీడ ఉండదు.

1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ఇంత దూరం ఆలోచించలేదు. మరమగ్గం కానిదల్లా చేమగ్గమే అని ఊరుకుంది. ఏది కాదో చెప్పింది గాని ఏది అవునో చెప్పలేదు. చేతి ఊసే లేని ఆ నిర్వచనం నీడన, చేనేతకు కేటాయించిన 22 రకాలు 11కి కుదించుకుపోయాయి. నేతలో ఒక్క పని చేత్తో జరిగినా చేనేతేనన్న ప్రతిపాదనా వచ్చింది, నేతగాళ్ళు ఎదిరించారు. మీట నొక్కడమూ చేతిపనే అయితే ఇక లోకంలో చేనేత కానిదేముంది?

కొనేవాడికి గుడ్డ కావాలి గాని దాని పుట్టుపూర్వోత్తరాలెందుకంటారు. అవి అక్కర్లేకపోతే మరచీర మీద చేనేత అని అచ్చువేయడమెందుకు? పేరుకు విలువుందని ఆ అబద్ధమే ఒప్పుకుంటోంది. నేతగాడి నడుముకు ఊరటనిచ్చే యంత్రాన్ని మేం వద్దనడం లేదు. రానివ్వండి, దాని గుడ్డకు దాని పేరే పెట్టండి. చేనేత అన్న మాటలో ముందున్నది చెయ్యి. ఆ చేతికి కూలి ఎగ్గొట్టి, దాని పేరుతో సొమ్ము చేసుకోవడం దొంగతనం.